గుమ్మం ముందు మైకు

ఊళ్లో అంటుజ్వరం ప్రబలాక వీధి సంఘానికి అన్నీ సమకూరాయి. ఆరోగ్య కేంద్రం మందులిచ్చింది, దర్జీలు మాస్కులు కుట్టిచ్చారు, తిరగడానికి ఆటో దొరికింది. లేనిదల్లా జనానికి చెప్పే నోరే. ఆ లోటు తీర్చడానికి మైకుసెట్టాయన ఉండనే ఉన్నాడు. పెళ్లిళ్లు లేక ఈగలు తోలుకుంటున్నాడు పాపం.

జబ్బు వచ్చిన ప్రతి ఇంటి ముందూ ఆటో ఆపి, గొంతు సవరించుకుని అందుకునేవాడు. "ఈ ఇంట్లో జ్వరం ఉంది! ఎవరూ అటు వెళ్లకండి! మందులు మన సంఘమే ఇస్తోంది!" మంచి పని చేస్తున్నాననే అనుకున్నాడు. ఆ మాటకొస్తే తన గొంతు తనకే ముద్దొచ్చేది.

రానురాను మందులు అడిగేవాళ్లు తగ్గిపోయారు. "చూశారా, జబ్బు నా గొంతుకే జడుసుకుంది" అని సంఘం గదిలో కాలరెగరేశాడు.

సంఘం నడిపే నర్సమ్మ నవ్వలేదు. "జబ్బు తగ్గలేదయ్యా, జనం దాస్తున్నారు. ఆ మైకు కాస్త కట్టిపెట్టు."

వింటేనా!

ఆ సాయంత్రమే, పాల వ్యాపారం చేసే బావ ఫోన్ చేశాడు. "మీ అక్కకి ఊపిరాడట్లేదురా. వారం నుంచీ జ్వరం. నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

పక్క సందే. ఒక్క పరుగున వెళ్లాడు. చిన్నప్పుడు తనని చంకనేసుకు తిప్పిన అక్క గోడకి చేరగిలబడి గాలి కోసం పెనుగులాడుతోంది.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"చెబితే... మైకేసుకుని వస్తావు" అంది, ఆగి ఆగి. "ఇక మన పాలు... ఎవరు పోయించుకుంటార్రా?"

తల కొట్టేసినట్టయింది. అంటే బావ ఈ వారమంతా పాలు పోస్తూనే ఉన్నాడు, ఇంటింటికీ.

ఎత్తుకుని బయటికి తెస్తుంటే, "మొహం మీద దుప్పటి కప్పరా, ఎవరైనా చూస్తారు" అని బతిమాలింది. ఊపిరాడని మనిషికి దుప్పటా! తన ఒళ్లే అడ్డం పెట్టి ఆటో ఎక్కించాడు. అదే ఆటో. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక అక్క గట్టెక్కింది. పరీక్షలో తనకి జబ్బు లేదని తేలాక, అతను మైకు విప్పి అటక మీద పడేసి, మందుల సంచీ భుజాన వేసుకుని నడిచి బయల్దేరాడు.

మొదటి గుమ్మం దగ్గర వీలైనంత మెల్లిగా పిలిచాడు. "అమ్మా, నేనే. మందులు తెచ్చాను. మైకు తేలేదు."

లోపల మొదలైన దగ్గు, నోటికి గుడ్డ అడ్డం పెట్టినట్టు ఆగిపోయింది.

"మేమంతా బాగానే ఉన్నాం బాబూ, వెళ్లు" అంది ఒక ఆడగొంతు.

మందుల పొట్లం గుమ్మంలో పెట్టాడు. వాళ్లు తలుపు తీసి పొట్లం అందుకోవాలి కదా అని, వీధి చివరిదాకా వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు.