ల్యాబ్‌లో పదకొండు మంది

అర్ధసంవత్సర పరీక్షల కెమిస్ట్రీ మార్కులు చదువుతూ జ్ఞానప్రకాశం సారు మధ్యలో ఆగిపోయారు. వాకాడు దగ్గరి ఆ జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడు చదివే ఆడపిల్లలు పదకొండు మంది. తొమ్మిది మంది తప్పారు. సుభాషిణికి అరవైకి పందొమ్మిది.

“లెక్కలు బాగానే చేస్తారే! కెమిస్ట్రీ అనేటప్పటికి ఏమవుతుంది మీకు? శ్రద్ధ లేదు, అంతే.”

సుభాషిణికి తల కొట్టేసినట్టయింది. చేపల వేటకెళ్ళే ముత్యాలయ్య కూతురామె. పుస్తకం మొత్తం బట్టీ పట్టిన పిల్ల.

“సుభాషిణీ, టైట్రేషన్‌లో పర్మాంగనేట్ చుక్కలు వదలడం ఎక్కడ ఆపాలి?” అడిగారు సారు.

“లేత గులాబీ రంగు రాంగానే సార్.”

“ఎంత లేత?”

పుస్తకంలో ఆ సంగతి లేదు.

“తెలీదు సార్. నేనెప్పుడూ చూళ్ళేదు.”

“వారం వారం ల్యాబ్ చేస్తున్నాం కదమ్మా?”

“బ్యూరెట్ కాడ సుబ్బు వాళ్ళు, మగపిల్లలే నిలబడతారు సార్. వాళ్ళు అంకెలు చెప్తారు, మేం రికార్డులో రాస్తాం. పోయినేడాది నుంచీ అంతే.” “మమ్మల్ని ఒక్కసారన్నా పట్టుకోనీలేదు.”

ఆడపిల్లల దస్తూరి ముచ్చటగా ఉంటుంది, రికార్డు మీరే రాయండని మొదటిరోజు చెప్పింది ఆయనే. ఆ మాటే అందరి ముందూ ఒప్పుకున్నారు.

తర్వాతి గురువారం రెండు బల్లలు ఆడపిల్లలకే విడిగా వేయించారు. “పగలగొడతారు సార్,” అని సుబ్బు గొణిగాడు. “పగిలితే కొత్తవి తెప్పిస్తాను,” అన్నారు సారు.

సుభాషిణి మొదటిసారి బ్యూరెట్ గాజుగొట్టం కింది మర తిప్పేసరికి ఎక్కువ పడి ఫ్లాస్కంతా ముదురు ఊదా అయిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి మర వదిలేసి వెనక్కి జరిగింది.

“నా వల్ల కాదు సార్.”

“సుబ్బు ఎన్ని పారబోశాడో అడుగు.”

సుబ్బు బుర్ర గోక్కున్నాడు. “మొదట్లో నేనూ పాడు చేసినా. రెండు ఫ్లాస్కులు పగలగొట్టినా కూడా. ఎడమ చేత్తో తిప్పు, కుడిచేత్తో ఫ్లాస్కు ఆడిస్తా ఉండు.”

ఈసారి ఒక్కో చుక్కే వదిలింది. పడిన రంగు పడినట్టే కరిగిపోతూ, చివరి చుక్కకు మాత్రం లేత గులాబీ నిలిచిపోయింది. ఆ రంగు చూస్తూ ఉండిపోయిందే కానీ బ్యూరెట్ మీద అంకె చూడటం మరిచిపోయింది. “రీడింగ్ చూడవే!” అని పక్కనున్న సాహిరా అరిస్తే అందరూ నవ్వారు.

సాయంత్రం తల్లి నాగులమ్మ ఆమె వేళ్ళు పట్టుకుని చూసింది. “ఏందిమే ఈ మరకలు?”

“ల్యాబ్‌లో అయినాయి మా.”

“ఇన్నాళ్ళూ కాలేదే?”

“ఇన్నాళ్ళూ నేను చెయ్యలా.”

కళ్ళారా చూశాక పుస్తకంలో వాక్యాలు మెల్లగా అర్థమవసాగాయి. ప్రీఫైనల్‌లో సుభాషిణికి నలభై నాలుగు వచ్చాయి. తప్పినవాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురి కోసం శనివారాలు కూడా ల్యాబ్ తెరవమని ఆమే వెళ్ళి అడిగింది. సారు తెరిచారు.

పబ్లిక్ పరీక్షల్లో పది మంది గట్టెక్కారు. మిగిలిన అమ్మాయి రెండు రోజులు ఏడ్చి సప్లిమెంటరీకి దరఖాస్తు పెట్టింది. నెల్లూరులో బీఎస్సీ కెమిస్ట్రీకి సీటు కోసం ఎదురుచూస్తున్న సుభాషిణి, ఆ వేసవి ఎండల్లో రోజూ ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి పాఠం చెప్పింది.