అరువు సంతకం

మా నిషిముర సారుకు బ్యాంకులో ఖాతా తెరిపించే పని నాకు అప్పజెప్పినప్పుడు, అదేం పెద్ద పని అనుకున్నాను. నేను డ్రైవర్ని. సత్యవేడు పక్కన వెలసిన కంపెనీల్లో ఒకదానికి పదకొండేళ్లుగా కారు తోలుతున్నాను. ఆధార్ కేంద్రం మొదలు తాలూకాఫీసు మెట్ల దాకా నేను చూడని గుమాస్తా లేడు. చేతిలో పాస్‌పోర్టు, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఉంటే బ్యాంకువాడు తానే లేచి కుర్చీ వేస్తాడని నా నమ్మకం. కుర్చీ వేశాడు కూడా. ఆ కుర్చీ అరిగిపోయేటంత సేపు కూర్చున్నాం.

సారు జపాన్ నుంచి వచ్చి మూడు వారాలైంది. యంత్రాలు బిగించే ఇంజనీరు, నలభై దాటిన ఒంటరి మనిషి. మిగతా జపాన్ వాళ్లంతా చెన్నైలో ఉండి రోజూ వచ్చిపోతుంటే, ఈయన ప్రయాణం పడదని సత్యవేడులోనే చెంగమ్మత్త మేడ మీద గది అద్దెకు తీసుకున్నాడు. దాంతో నా పంట పండింది. సారును దింపిన పది నిమిషాలకు మా ఇంట్లో కంచం ముందు ఉంటాను. కాకపోతే కంపెనీలో ఒక రూలుంది. అద్దె కట్టాలంటే ఇక్కడి బ్యాంకులో ఆయన పేరు మీద ఖాతా ఉండాలి. శుక్రవారం సాయంత్రంలోపు నంబరు ఇవ్వకపోతే సారు కూడా చెన్నైకి మారాల్సిందే. చెన్నైలో డ్రైవర్లకు కరువు లేదు. నా ఉద్యోగం ఊడినట్టే.

సోమవారం ఉదయం బ్యాంకుకు వెళ్లాం. ఖాతాలు చూసే ఆఫీసరు దయానంద్, చిత్తూరు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. మంచి మనిషే గానీ ఆడిట్ అనే మాట వింటే చాలు, ఆయనకు చెమటలు పడతాయి. ఏ కాగితమిచ్చినా ముందు వైపు ఒకసారి, వెనక వైపు రెండుసార్లు చూస్తాడు.

ఫారమంతా నేనే నింపాను. సంతకం గడి దగ్గరికి వచ్చేసరికి సారు జేబులోంచి చిన్న తోలుసంచీ తీశాడు. అందులో వేలెడంత కట్టెముక్క ఉంది. దాన్ని కుంకుమ భరిణె లాంటి డబ్బీలో అద్ది, ఊపిరి బిగబట్టి, గడి సరిగ్గా మధ్యలో ఒత్తాడు. ఎర్రగా, గుండ్రంగా ముద్ర పడింది. ఆ పనితనానికి నాకు ముచ్చటేసింది. దయానంద్ సారు ముఖం మాత్రం కుంకుడు రసం కంట్లో పడ్డట్టయింది.

"సీలు కంపెనీలకప్పా, మనుషులకు కాదు. ఈయనకేమన్నా అంగడి ఉండాదా?" అన్నాడు.

సారు తన భాషలో మాట్లాడితే ఆయన ఫోను దాన్ని తెలుగులో చెబుతుంది. ఫోనుది అచ్చం బడిపంతులు తెలుగు. అది చెప్పిందేమిటంటే, వాళ్ల ఊళ్లో బ్యాంకులోనూ ముద్రే వేస్తారట. ఈ ముద్ర తాను ఉద్యోగంలో చేరిన రోజు వాళ్ల నాయన చెక్కించి ఇచ్చాడట. ఇంగ్లీషులో సంతకం పెట్టే అవసరం ఈ జన్మలో రాలేదట. పాస్‌పోర్టులో సొంత అక్షరాల్లోనే పెట్టాడు. ఆ అక్షరాలు సరిచూసే మొనగాడు మా బ్రాంచిలో లేడని దయానంద్ సారు తేల్చేశాడు. పాస్‌పోర్టుతో తేడా వచ్చినందుకు ఒక డిక్లరేషన్ రాసిస్తే సరిపోతుంది గానీ, సంతకం మాత్రం తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండాలన్నాడు. మూడు గళ్లలో పెట్టాలి, మూడూ ఒకేలా ఉండాలి.

సారు ఇంగ్లీషులో ఒక్కో అక్షరం విడివిడిగా, ఒకటో తరగతి పిల్లవాడిలా తన పేరు రాశాడు.

"ఇది పేరప్పా, సంతకం కాదు," అన్నాడు దయానంద్ సారు. "సంతకమంటే కింద గీత ఉండల్ల. గీత కింద రెండు సుక్కలుండల్ల."

మచ్చుకు నా సంతకం పెట్టి చూపించాను. ఆ రెండు చుక్కలు దేనికని సారు ఫోనులో అడిగాడు. నేను దయానంద్ సారు వైపు చూశాను. ఆయన క్యాషియరు వైపు చూశాడు. క్యాషియరు నోట్ల కట్ట వైపు చూసుకున్నాడు. మా నాయన పెట్టేవాడు, నేనూ పెడుతున్నాను, దేనికో నాకేం తెలుసు? ఇరవై ఏళ్లుగా లేని అనుమానం నాలో లేపినందుకు సారు మీద ఒళ్లు మండింది.

ఆయన ప్రయత్నం ఆయన చేశాడు. ఒకదాని కింద గీత పొట్టిదైంది, ఒకదాని గీత పక్క గడిలోకి పోయింది, మూడోదానికి చుక్కలు మరిచిపోయాడు. ఫారం చింపేశారు. మంగళవారం ఇంకో రెండు ఫారాలు చినిగాయి. యంత్రంలో వెంట్రుకవాసి తేడా పసిగట్టే మనిషికి పెన్ను పట్టుకుంటే తన గీత తనకే లొంగకుండా పోయింది. పింఛను కోసం వచ్చినవాళ్లు కూడా చుట్టూ చేరారు. కళ్లు మూసుకుని గీకెయ్యమని ఒకరు, ముందు దేవుణ్ణి తలుచుకోమని ఒకరు. గురువులు పదిమంది, శిష్యుడు ఒక్కడు అయిపోయాడు.

బుధవారం దయానంద్ సారు చేతులెత్తేశాడు. ఇక మిగిలింది వేలిముద్ర ఒక్కటేనన్నాడు. కాకపోతే ఫారం మీద చదువు రానివారు అని రాయాలట, చెక్కుబుక్కు రాదట. ఖాతా నంబరైతే వస్తుంది కదా అని సారు తరఫున నేనే ఒప్పేసుకున్నాను. అంత చదువుకున్న మనిషిని ఒక్క మాటతో నిరక్షరాస్యుణ్ణి చేశాను. ఉద్యోగం పోతుందన్న భయం మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది. వేలిముద్రకు ఇద్దరు సాక్షులు కావాలన్నాడు. ఒకణ్ణి నేను. రెండో సాక్షిగా చెంగమ్మత్తను అనుకున్నాను. ఆమె పొదుపు సంఘానికీ, ఆమెకూ ఆ బ్రాంచిలోనే ఖాతాలున్నాయి.

సాయంత్రం వెళ్లేసరికి చెంగమ్మత్త వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నాకు వరసకు అత్త కాదు, వీధిలో అందరికీ అత్తే. అరవై దాటాయి. నేను చెప్పిందంతా విని, చేతిలో పని ఆపేసింది.

"పెండ్లైన కాడ్నించీ మొన్న మొన్నటిదాకా యేలిముద్రే యేసినాను గిరీ. ఆ సిరా మూడు దినాలు పోదు. ఆ మూడు దినాలూ యేలు కొంగులో దాసిపెట్టుకుని తిరిగినాను. ఆ అగసాట్లు నాకు తెలుసు. ఆయప్పకొద్దు. సంతకం నేను నేర్పిస్తా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెంగమ్మత్తకు చదువు రాదు. రెండేళ్ల కింద సంఘం లీడరు కోమలి నలభై రోజులు పలక పట్టించి ఆమెకు సంతకం నేర్పింది. చెంగమ్మత్త దాన్ని రాయదు, ముగ్గేసినట్టు వేస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి, ఎక్కడ వదలాలి అన్నది ఆమె చేతికి తెలుసు. అయితే ఎన్నిసార్లు వేసినా అచ్చు గుద్దినట్టు వస్తుంది. గుడ్డి కన్నా మెల్ల నయం కదా అని సరేనన్నాను.

గురువారం డ్యూటీ అయ్యాక సారును వరండాలో కూర్చోబెట్టి పలక చేతికిచ్చింది. ఫోనుతో పని పడలేదు. ఆమె చెయ్యి ఎటు కదిలితే ఆయన చెయ్యి అటు కదిలింది. దిగు, తిరుగు, మింద తలకట్టు, సుట్టు అంటోంది. ఆయనా దిగు, తిరుగు అంటున్నాడు. నేను వాకిట్లో కారు కడుగుతూ ఆ మాటలు విన్నాను గానీ, దగ్గరికి వెళ్లి పలక చూడలేదు. దీపాలు పెట్టే వేళకు సారు పకపకా నవ్వడం వినిపించింది. మూడు వారాల్లో ఆయన నవ్వగా వినడం అదే మొదలు.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురం బ్యాంకులో కూర్చున్నాం. కొత్త ఫారం వచ్చింది. సారు పెన్ను తుడుచుకుని, దిగు తిరుగు అని గొణుక్కుంటూ మూడు గళ్లూ నింపాడు. దయానంద్ సారు స్కేలు పెట్టి కొలిచాడు. ముఖం వెలిగిపోయింది. మూడూ ఒకే అచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడాయన అద్దాలు సవరించుకుని ఆ సంతకాన్ని చదివాడు. మళ్లీ చదివాడు.

"గిరీ, ఈడ చెంగమ్మ అని ఉండాది."

వంగి చూశాను. మూడు గళ్లలోనూ చెంగమ్మే ఉంది.

చెంగమ్మత్త వైపు తిరిగాను. తప్పేమిటో ఆమెకు అర్థం కాలేదు. "నాకొచ్చేది అదొక్కటే గదా. ఉండేది ఇచ్చినాను," అంది.

నా కళ్ల ముందు చెన్నై రోడ్డు పరుచుకుంది. నీ సంతకం ఆయనకెందుకు, నా కొంప ముంచావు కదత్తా అని హాలంతా వినబడేలా అరిచాను. దయానంద్ సారు తల పట్టుకున్నాడు. ఒకే బ్రాంచిలో ఇద్దరికి ఒకే సంతకం ఉంటే ఆమె డబ్బు ఈయన తీయొచ్చు, ఈయన డబ్బు ఆమె తీయొచ్చు, ఆడిట్‌వాళ్లు నన్ను గాడిదెక్కిస్తారు అని ఆయన గోల.

సంగతి ఫోనులో సారుకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన లేచి, చెంగమ్మత్త ఎదుట నడుము వంచి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత ఫోనులో మెల్లగా ఏదో అన్నాడు. ఫోను తన పంతులు గొంతుతో దాన్ని తెలుగు చేసింది.

"మా దేశమందు ఎవరును తమ ముద్రను పరులకు ఇవ్వరు. ఈ అమ్మగారు తమ వద్ద ఉన్న ఒక్కదానిని నాకు ఇచ్చినారు."

అరిచినందుకు నాకు సిగ్గేసింది. చెంగమ్మత్త కొంగు సర్దుకుని, కూర్చోమని ఆయనకు కుర్చీ చూపించింది.

ముందుగా తేరుకున్నది దయానంద్ సారే. తెల్లకాగితం తీసుకుని తెలుగులో నిషిముర అని పెద్దగా రాసి ఆమె ముందు పెట్టాడు. ఇది ఆయన పేరు, దీన్ని కూడా అట్లాగే నేర్పించమ్మా, మధ్యాహ్నం దాకా కూర్చుంటాను అన్నాడు. చెంగమ్మత్త కాగితాన్ని కొత్త ముగ్గును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. చూపుడువేలితో దారి పట్టింది. మొదటి అక్షరం, రెండో అక్షరం దాటింది. మూడోదాని మీద వేలు ఆగిపోయింది.

"గిరీ, ఇది నాది గదా. తోక యేరే గానీ మనిషి నాదే. నా పేరు కడాన ఉండేది, ఈయప్ప పేరులోకి యెట్లొచ్చె?"

అది మ అత్తా, ఎవరి పేరులోకైనా వస్తుందని చెప్పాను.

"నాదొక్కదాందే అనుకుంటి," అంది.

మిగతా మూడు అక్షరాల దారి వెతకడానికి ఆమెకు గంట పట్టింది. వెతికి, ఆయన చేత వేయించింది. పన్నెండున్నరకు సారు పదిసార్లు పెడితే పదీ ఒకేలా వచ్చాయి. ఆ తర్వాత కొత్త ఫారం మీద మూడు గళ్లలోనూ పెట్టాడు. స్కేలు ఒప్పుకుంది, ఆడిట్ భయం ఒప్పుకుంది. మూడున్నరకు ఖాతా నంబరు నా ఫోనులోకి వచ్చింది, మరు నిమిషంలో దాన్ని కంపెనీకి పంపాను. నా అన్నం కంచం సత్యవేడులోనే ఉండిపోయింది.

బయల్దేరదామని చూస్తే చెంగమ్మత్త కదలదు. కౌంటరు మీద జమ అన్న అట్టముక్క ముందు నిలబడి ఉంది. ఈడా ఉండాది అని చూపించింది. గోడ మీద పని సమయము అన్న బోర్డులో రెండు కనిపెట్టింది. ఇన్నేళ్లుగా ఆ బోర్డు కింద కూర్చునే ఆమె వేలికి సిరా పూయించుకుంది. మామూలు రోజైతే పదమని విసుక్కునేవాణ్ణే. ఆ రోజు కారు తాళాలు జేబులో వేసుకుని ఆమె వెనకే నిలబడ్డాను.

అయిదు నిమిషాల దారి అరగంట పట్టింది. మందుల అంగడి, మాంసం కొట్టు, మిరపకాయల మండీ, ప్రతి బోర్డు దగ్గరా ఆపు గిరీ అంటుంది. ఆపాను. వెనక సీట్లో సారు కూడా కిటికీ అద్దం దించి, ఆమె కన్నా ముందే వేలు చూపించడం మొదలుపెట్టాడు.

ఇంటి ముందు దిగి చెంగమ్మత్త తలుపు పట్టుకుని నిలబడింది.

"ఇట్లాంటివి మొత్తం యెన్ని ఉండాయి గిరీ?"

"యాభై ఆరు అత్తా."

ఆమె సారు వైపు చూసింది, వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.

"అయితే రేపు డ్యూటీ కాంగానే ఆయప్పను బిన్నా తోలుకోని రా. ఇంకో పలక తెప్పిస్తా," అంది.