కుడి మోకాలు అమ్మమ్మది, ఎడమది నాన్నది

సైకిలు మీంచి పడ్డ పిల్లని ముందు ఎత్తుకోవాలి. మా ఇంట్లో అలా జరగలేదు. ముందు వాదించుకున్నారు.

అది ఎనభై నాలుగు జూన్. అమెరికాలో, పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్ల వెనక పార్కింగ్ లాట్‌లో మా ఏడేళ్ళ రేణు బోర్లా పడి, రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయి ఏడుస్తూ వచ్చింది. ఒకవైపు నుంచి మా అమ్మ పసుపు డబ్బాతో, ఇంకోవైపు నుంచి మా ఆయన రామమోహన్ బ్యాండేజీ పెట్టెతో పరిగెత్తుకొచ్చారు. మధ్యలో ఏడో నెల కడుపుతో నేను, అడకత్తెరలో పోకచెక్కలాగా.

అమ్మ నా పురిటికని బాపట్ల నుంచి వచ్చింది. వచ్చిన కొద్ది రోజుల్లోనే మా కాంప్లెక్సులో తెలుగు పిల్లల దెబ్బలన్నిటికీ ఆవిడే డాక్టరైపోయింది. తెగితే కాఫీ పొడి అద్దేది. చెక్కుకుపోతే పసుపులో కొబ్బరినూనె కలిపి రాసేది. మా ఆయనేమో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పుండ్లు ఎలా మానతాయో చూసే ఉద్యోగం చేస్తున్నారు. ఎలకలకి గాయాలు చేసి, వాటిని మాన్పి, పేపర్లు రాస్తారు. అలాంటి మనిషి ఇంట్లో అత్తగారు కాఫీ పొడి అద్దడమంటే వంటమేస్త్రీ ఇంటికి హోటలు క్యారేజీ తెప్పించినట్టే.

"అత్తయ్యగారూ, పసుపు కూరలో వేసుకుందాం. గాయానికి తడి ఉండాలి. తడి ఆరకుండా కవర్ చేస్తే కొత్త చర్మం అంచుల నుంచి మధ్యకి హాయిగా పాక్కుంటూ వచ్చేస్తుంది. ఎండబెట్టారనుకోండి, పెచ్చు కడుతుంది. పాపం అది ఆ పెచ్చు కింద దారి తవ్వుకుంటూ రావాలి," అన్నారు మా ఆయన.

"మూసేస్తే చీము పట్టదూ? పుండుకి గాలి తగలాలి బాబూ. మీ ఎలకల సంగతి నాకు తెలీదు గానీ, నేను నలుగుర్ని పెంచాను. ఒక్కళ్ళ మోకాలూ రాలిపోలేదు," అంది అమ్మ.

అంతటితో ఊరుకుంటే గొడవే లేదు. మా ఆయనకి నోరు ఊరుకోదు. అప్పుడే టీకి వచ్చిన పక్కింటి దామోదర్ గారి ముందు, "మీ వైద్యం మ్యూజియంలో పెట్టాలండీ," అని నవ్వారు. దామోదర్ గారూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. మా అమ్మకి రోషం ముక్కు మీదే ఉంటుంది.

"అయితే పందెం. కుడి మోకాలు నాది, ఎడమది మీది. మీదే ముందు మానిందా, మాట చెల్లని ఇంట్లో నాకేం పని? మర్నాడే నన్ను విమానం ఎక్కించెయ్యండి."

"అమ్మా, మరి నా పురుడో?" అన్నాను గాభరాగా.

"నీ పురుడు కూడా మీ ఆయన ల్యాబ్‌లోనే పోసుకో."

వద్దనండి అన్నట్టు మా ఆయన వంక చూశాను. ఆయన కళ్ళు అప్పటికే మెరుస్తున్నాయి. పిల్ల ఒకత్తే, దెబ్బ ఒకటే, మోకాళ్ళు రెండు. ఇంతకన్నా మంచి ఎక్స్‌పెరిమెంటు ఆయనకి జన్మలో దొరకదు. "సరే," అనేశారు. కడుపుతో లేకపోతే ఇద్దరికీ చెరో మొట్టికాయా వేసేదాన్ని.

జడ్జిగా దామోదర్ గారిని పెట్టారు. ఆయన సివిల్ ఇంజినీరు. రోడ్ల మీద గుంటలు పూడ్చడం తెలిసినవాడు కాబట్టి ఇదీ తెలుస్తుందని అందరూ ఒప్పుకున్నారు. వచ్చే శనివారం తీర్పు.

కుడి మోకాలికి పసుపు పట్టు పడింది. ఎడమ మోకాలికి లోపలిది కనపడేలా పల్చటి ప్లాస్టిక్ కాగితం లాంటిది అంటించారు మా ఆయన. మర్నాటి నుంచి తగువులు మొదలయ్యాయి. గాయం మానేదాకా పప్పు, వంకాయ, గోంగూర బంద్ అని అమ్మ పథ్యం పెట్టింది.

"అదెలా కుదురుతుందండీ? మోకాళ్ళు రెండైనా నోరు ఒకటేగా! మీ పథ్యం నా మోకాలికి కూడా పోతుంది. ఫెయిర్‌గా లేదు," అన్నారు మా ఆయన.

"పోతే మీకే లాభం. ఊరికే వస్తోంది కదా, పుచ్చుకోండి," అంది అమ్మ.

సాయంత్రం దిష్టి తీసేటప్పుడు మాత్రం ఆవిడ చాలా జాగ్రత్తపడింది. ఉప్పు గుప్పిట్లో పట్టుకుని పిల్ల చుట్టూ కాకుండా ఒక్క కుడి మోకాలి చుట్టూనే తిప్పింది. ఎడమదానికి ఎవరి దిష్టి తగిలినా తనకి సంబంధం లేదంది.

రెండో రోజుకి ప్లాస్టిక్ కింద తెల్లటి నీరు చేరింది. అమ్మ మొహం విప్పారింది.

"చీము! నేను చెప్పలా?"

"చీము కాదండీ, ఊట! అందులోనే కణాలు ఈదుకుంటూ వెళ్ళి పని చేస్తాయి."

"ఈదడానికి అదేమన్నా కృష్ణా కాలవా?"

ఫోన్లలో కాంప్లెక్సంతా రెండు పార్టీలైంది. మగవాళ్ళలో ఎక్కువమంది ఎడమ పార్టీ, ఆడవాళ్ళలో ఎక్కువమంది కుడి పార్టీ. ఎవరింటికి వెళ్ళినా రేణు చేతిలో ఏదో ఒకటి పెట్టి, గౌను కాస్త పైకెత్తి చూసేవారు. దానికి భోగంగానే ఉంది. కానీ రాత్రిళ్ళు అమ్మమ్మ పక్కలో దూరి, కథ చెప్పించుకుంటూ, ఆవిడ చెవి తమ్మె పట్టుకుని పడుకునే పిల్ల అది. ఈ పందెంలో అమ్మమ్మని కూడా పెట్టారని దానికెవ్వరూ చెప్పలేదు.

నాకు మాత్రం భయం పట్టుకుంది. ఎందుకంటే, ఉన్నమాట చెప్పాలి, ఎడమ మోకాలు గెలుస్తోంది. గురువారానికి ప్లాస్టిక్ కింద గులాబీ రంగు చర్మం నున్నగా కమ్ముకొచ్చేసింది. కుడి మోకాలి మీద మందపాటి పెచ్చు. మోకాలు వంగినప్పుడల్లా అది పగులుతోంది. అమ్మ దాన్ని చూసి పసుపు డబ్బాకి మూత పెట్టేసింది.

శుక్రవారం సాయంత్రం ఆవిడ అల్మారాలోంచి సూట్‌కేసు కిందకి దింపి చీరలు సర్దడం మొదలుపెట్టింది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. నాకు భయంగా ఉంది. నువ్వు లేకుండా నావల్ల కాదు," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"నాకు మాత్రం వెళ్ళాలనుందిటే? ఎడమది గెలిస్తే వెళ్తానని నోరు జారాను. నలుగురిలో అన్నమాట. ఇప్పుడెలా మింగను?" అంది.

మా ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన తల గోక్కుని, "రిజల్ట్ మార్చమంటే ఎలా శశీ?" అన్నారు. మార్చమన్నదెవరు? అత్తగారితో ఒక్క మంచిమాట చెప్పమన్నాను. అది ఆయన ల్యాబ్‌లో నేర్పలేదు. రేణు గుమ్మంలో నిలబడి సూట్‌కేసు వంక చూస్తోంది. నా ఏడుపులో నేనుండి దాన్ని పట్టించుకోలేదు.

శనివారం పొద్దున్న దామోదర్ గారు స్కేలు పట్టుకుని వచ్చారు. కాఫీ ఇచ్చాను. పిల్లని పిలుద్దామని మా ఆయన కిటికీ తెరిచేసరికి, కింద పార్కింగ్ లాట్‌లో పెద్ద చప్పుడు, వెంటనే కేక. అందరం దిగి పరిగెత్తాం. సైకిలు ఒక పక్క, రేణు ఒక పక్క. ఎడమ చెయ్యి గుండెకి అదుముకుని ఏడుస్తోంది. మణికట్టు వాచిపోతోంది.

ఈసారి ఎవ్వరూ వాదించలేదు. మా ఆయన పిల్లని ఎత్తుకున్నారు. అమ్మ చెప్పులు కూడా లేకుండా కారెక్కింది.

ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. ఎముక కొంచెం చిట్లిందని చెప్పి, కట్టు వేసేసింది.

"లోపల ఏం మందు రాశారు బాబూ?" అని అమ్మ మెల్లిగా మా ఆయన్ని అడిగింది. ఆయన డాక్టరమ్మని అడిగారు. ఆవిడ చెప్పింది అమ్మకి తెలుగులో చెప్పారు.

"మందేం లేదండీ. వీళ్ళు చేసేదల్లా కదలకుండా పట్టి ఉంచడమే. విరిగినచోట ముందు మెత్తగా ముద్దలాగా కడుతుందట, తర్వాత అదే గట్టిపడి ఎముకవుతుందట. అతుక్కునే పని దానిదే."

"మరి మనమేం చెయ్యాలి?"

"కనిపెట్టుకుని ఉండటమేనండీ."

అంత పెద్ద వైద్యులిద్దరూ పనిలేక చెరో కుర్చీలో కూలబడ్డారు.

డాక్టరమ్మ రేణుని ఇంగ్లీషులో పలకరించింది, ఎలా పడ్డావని. రేణు ముక్కు ఎగబీల్చి చెప్పింది. కావాలనే పడిందట. ఎడమ మోకాలి మీద పడదామనుకుంటే చెయ్యి అడ్డమొచ్చిందట. ఎడమ మోకాలు గెలిస్తే అమ్మమ్మ ఇండియా వెళ్ళిపోతుందట.

డాక్టరమ్మ మా ముగ్గుర్నీ ఒకసారి చూసింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. రేణు అక్కడితో ఆగలేదు. కట్టు ఎన్నాళ్ళుంచుతారని అడిగింది. అయిదు వారాలని చెప్పింది డాక్టరమ్మ. అది మంచి చేతి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, "ఆగస్టు ఎండింగ్ దాకా ఉంచలేరా? మా బేబీ అప్పుడొస్తుంది," అంది.

"ఏమంటోంది బాబూ పిల్ల? నొప్పిగా ఉందనా?" అని కంగారుగా అడిగింది అమ్మ.

మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కట్టు ఆగస్టు దాకా ఉంచమంటోందండీ. కట్టున్నంత కాలం మీరు వెళ్ళరని. అసలు పడిందే అందుకట. నా మోకాలు ఓడిపోవాలని."

"నీ మొహం మండా!" అంటూ అమ్మ దాని తల పొట్టకి అదుముకుంది. కళ్ళనీళ్ళు పిల్ల జుట్టులోకి కారుతున్నాయి.

"ఉండిపోండి అత్తయ్యగారూ. దానికోసమే కాదు. శశి భయపడుతోంది. నాకూ భయంగానే ఉంది. ఆరోజు నేనన్నమాట తప్పు," అన్నారు మా ఆయన.

"మీరు గెలిచారు బాబూ. ఎడమదే ముందు మానింది. నాకు కళ్ళున్నాయి."

"గెలిచి ఏం చేసుకోనండీ?"

అమ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుని తల ఊపింది. రేణు ఆవిడ పొట్టలోంచి మొహం ఎత్తింది.

"నాన్నా, అమ్మమ్మ ఉంటదా? ఫర్ ష్యూర్?"

"ఉంటుందమ్మా. ఫర్ ష్యూర్."

"ఓకే," అంటూ రేణు కట్టు కట్టిన చెయ్యి డాక్టరమ్మ ముందుకి చాపింది. "అయితే ఇది తీసెయ్యమను. ఇంక అక్కర్లేదు."