ఏడో నంబరు వ్యాసం

కృపమ్మ ఆరో వ్యాసానికున్న పిన్ను ఊడదీసి, విద్యార్థి పేరున్న మొదటి పేజీని వేరు చేసి కవరులో పెట్టింది. మిగిలిన పేజీల కుడి మూలన ఎర్ర సిరాతో ఆరు అంకె వేస్తూ వచ్చింది. అంకె వేసి ఊదడం, పేజీ తిప్పడం, మళ్ళీ అంకె వేయడం. కుడి చెయ్యి బొటనవేలి పక్కన సిరా మరక పొద్దున్నే పడింది. ఇక సాయంత్రం దాకా పోదు.

భిలాయిలో మిషన్ వాళ్ళ లా కాలేజీ అది. ఏటా ఫిబ్రవరి ఆఖరున విద్యార్థులకు న్యాయ వ్యాసరచన పోటీ పెడతారు. తొలి వడపోత లెక్చరర్లే కంప్యూటర్లో చేసేస్తారు. మిగిలిన పన్నెండు వ్యాసాలు ప్రింటు తీసి, ఎవరివో తెలియకుండా నంబర్లు వేసి, పదకొండింటికి జడ్జీల ముందు పెట్టాలి. ఆ పని పదేళ్ళుగా కృపమ్మది. ఆమె పెద్ద చదువరి కాదు. ఇంటర్ తప్పింది. అయినా నోరు కదపదని ప్రిన్సిపాల్‌కు నమ్మకం. నిజానికి నోరు కదపడానికి ఆమెకు ఎవరితోనూ పెద్దగా పని పడలేదు.

అరవై నిండాయి. పొట్టి మనిషి. జుట్టు వెనక్కి బిగించి దువ్వి చిన్న ముడి వేస్తుంది. నడిచేటప్పుడు ఎడమ మోకాలు కాస్త బయటికి వంగుతుంది. తండ్రి పాలకొల్లు వైపు నుంచి స్టీల్ ప్లాంటులో బరువులెత్తే రిగ్గర్ పనికి వచ్చాడు. ఆమె ఇక్కడే సెక్టార్ క్వార్టర్లలో పుట్టింది. ఆ క్వార్టరు తండ్రితోనే పోయింది. ఇప్పుడు కోహ్కాలో ఒక గది. పిల్లలు లేరు. ఇవాళ ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు. పోటీ హడావుడిలో ఎవరికీ గుర్తు లేదు. శాలువా సోమవారం కప్పుతామని ప్రిన్సిపాల్ మెట్ల మీద ఎదురైనప్పుడు అన్నాడు. సరే సార్ అంది.

ఏడో వ్యాసం హిందీలో ఉంది. పేరున్న పేజీలో ఛాయ అని ఉంది. మూడో సంవత్సరం పిల్ల. వాళ్ళ నాన్నది శ్రీకాకుళం, ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. వారానికి రెండుసార్లయినా ఆఫీసు కిటికీలోంచి చెయ్యి చాపి, “ఆంటీ, స్టేప్లర్” అంటుంది. తెలుగు మాటలు వెతుక్కుంటూ మాట్లాడుతుంది.

నంబరు వేశాక ప్రతి పేజీ మీదా వేలు పెట్టి చూడాలి. రాసిన పిల్లల పేరు లోపల ఎక్కడైనా కనిపిస్తే తెల్లకాగితం ముక్క అంటించి కప్పేయాలి. కృపమ్మ వేలు నడుపుకుంటూ పోయింది. ఏడేళ్ళపాటు కబురు లేని మనిషిని చట్టం ఎలా చనిపోయినట్టు భావిస్తుంది, ఆ మాట కోర్టు చేత చెప్పించుకోవాలంటే ఏం చేయాలి అన్నది విషయం. నాలుగో పేజీలో వేలు ఆగింది.

‘కోహ్కా నివాసి క్రిపా బాయి. భర్త ఫిట్టర్. 2008 జూలైలో హథ్‌ఖోజ్‌లోని ఒక వర్క్‌షాపులో పని మధ్యలో బయటికి వెళ్ళి తిరిగి రాలేదు. భర్త మరణించినట్టు ప్రకటించమని 2016లో దావా వేసింది. విచారణ రోజున హాజరు కాలేదు. దావా కొట్టివేశారు. చట్టం తలుపు తెరిచే ఉంచింది, ఆమే లోపలికి రాలేదు.’

కృపమ్మ మళ్ళీ చదివింది. హిందీ ఆమెకు బాగానే వచ్చు.

ఆమె భర్త దేవానందం ఆ రోజు అన్నం డబ్బా కట్టించుకుని సైకిలు మీద వెళ్ళాడు. వంకాయ కూర. ఇంట్లో తగువేమీ లేదు. ఒంటిగంటకు డబ్బా కడిగి గూట్లో పెట్టి, గేటు దాటి వెళ్ళాడని తోటి ఫిట్టర్లు చెప్పారు. సాయంత్రం కుమ్హారిలో రోడ్డు పక్కన నిలబడి ఉండగా చూశానని ఒకడన్నాడు. తర్వాత వాడే ఏమో, తెలీదన్నాడు. పోలీసు స్టేషన్లో ఫోటో ఇచ్చింది. ఆసుపత్రులు తిరిగింది. చర్చిలో ఆరు నెలలు ఆయన పేరు చదివి ప్రార్థన చేశారు. ఏడో నెల నుంచి చదవలేదు. మరుసటి ఏడాది పాస్టరుగారు చెప్పి ఈ కాలేజీలో పెట్టించారు. చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలో ‘వివాహిత’ అని రాసింది. ఇక్కడెవరికీ అంతకు మించి తెలియదు.

విచారణ రోజున ఆమె పదింటికంటే ముందే కోర్టుకు చేరింది. వరండాలో నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంది. వకీలు వేరే గదిలో వేరే కేసులో ఉన్నాడు. బంట్రోతు తలుపు దగ్గరికొచ్చి పేర్లు కేకేస్తున్నాడు. కృపమ్మ అన్న పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. క్రిపా బాయి, క్రిపా బాయి అని మూడుసార్లు వినబడింది. ఆ క్రిపా బాయి ఎవరో, ఎందుకు లేవడం లేదో అనుకుంది కూడా. ఐదింటికి తాళాలు వేస్తుంటే లేచింది. దావా కాగితాల్లో నీ పేరు అలాగే పడింది, మళ్ళీ అర్జీ పెడదామన్నాడు వకీలు. పెట్టండి అంది. అతను పెట్టలేదు. ఆమె అడగలేదు.

తెల్లకాగితం ముక్కలు, జిగురు సీసా పక్కనే ఉన్నాయి. ఒక ముక్క తీసి క్రిపా బాయి అన్న చోట ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయింది. కానీ కప్పాల్సింది రాసిన వాళ్ళ పేరే. కాగితం ముక్క తీసేసి తిరిగి ముక్కల్లో కలిపేసింది. ఐదో పేజీ మీద ఏడు వేసి ఊదింది.

పదకొండింటికి ప్యూన్ ఉమేష్ వచ్చి వ్యాసాలు తీసుకెళ్ళాడు. జడ్జీలు ముగ్గురు: రిటైరైన న్యాయమూర్తి ఒకరు, వకీళ్ళు ఇద్దరు. కృపమ్మ వాళ్ళకు రెండుసార్లు టీ ఇచ్చింది. రెండోసారి వెళ్ళినప్పుడు న్యాయమూర్తి చేతిలో ఏడో నంబరు ఉంది. ఆయన పెన్సిలుతో ఏదో గీత గీసి, పక్కాయనకు చూపించి తల ఊపాడు. ఆమె ఖాళీ కప్పులు ట్రేలో పెట్టుకుని వచ్చేసింది. కడిగింది. డబ్బా తెరిచి అన్నం తింది. ఉప్పు వేయడం మరిచిపోయానని సగం తిన్నాక తెలిసింది.

మూడింటికి హాలు నిండింది. ప్రార్థన, కీర్తన అయ్యాయి. మొదటి మూడు బహుమతులు చదివారు. ఛాయకు రెండోది. గెలిచినవాళ్ళు తమ వ్యాసం గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆ పిల్ల చున్నీ సర్దుకుని మైకు దగ్గరికొచ్చింది. క్రిపా బాయి కథ చెప్పింది. “చట్టం తలుపు తెరిచే ఉంచింది. ఆమే లోపలికి రాలేదు. అందుకే ఆ ఫిట్టర్ కాగితాల్లో ఈ రోజుకీ బతికే ఉన్నాడు” అని హిందీలో ముగించింది. హాలంతా చప్పట్లు. కృపమ్మ జ్ఞాపికల పళ్ళెం పట్టుకుని వేదిక పక్కన నిలబడి ఉంది. రెండు చేతుల్లోనూ పళ్ళెం ఉండడం వల్ల చప్పట్లు కొట్టనక్కర్లేకపోయింది. ఛాయ పేరు పిలవగానే రెండడుగులు ముందుకేసి పళ్ళెం చాపింది.

కుర్చీలు మడుస్తుంటే ఛాయ పరుగెత్తుకుంటూ వచ్చింది.

“ఆంటీ! సెకండ్ ఒచ్చింది. నంబర్లు మీరే వేశారు కదా, నాది చదివారా?”

“చూసినాను పాపా.”

“ఎలా ఉంది? సచ్ బతాయియే, నిజం చెప్పండి.”

కృపమ్మ మడిచిన కుర్చీని గోడకానించింది.

“బాగా రాసినావు. ఒక్క మాట తప్పుంది. ఆవిడ ఒచ్చింది ఆ దినం.”

“ఎవరు ఆంటీ?”

“కోర్టుకి. పొద్దున్నించి సాయంత్రం దాకా వరండాలోనే కూకుంది.”

ఛాయ ముఖంలో నవ్వు సగానికి తగ్గింది. “రికార్డులో హాజరు కాలేదు అనే ఉంది ఆంటీ. నేను రికార్డే కదా రాయాలి.”

“అవును మరి. రికార్డే రాయాల.”

“మీకెలా తెలుసు?”

“నేనూ అక్కడే ఉన్నాను.”

“మరి పిలిస్తే ఎందుకు పలకలేదు ఆవిడ?”

“ఆ పేరు ఆవిడది కాదు పాపా.”

పిల్ల ఏదో అడగబోయింది. ఫోటోకి రమ్మని స్నేహితులు గట్టిగా కేకేశారు. వెళ్ళింది. తలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అర్థమైందో లేదో కృపమ్మకు తెలియలేదు. ఇంకా పద్దెనిమిది కుర్చీలున్నాయి. మడిచింది.

ఐదు కావస్తుండగా ఆఫీసు సూపరింటెండెంటు రామచంద్రరావు పిలిచాడు. విజయనగరం మనిషి. రిటైర్మెంట్ ఫారం నింపుతున్నాడు. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఒక్కో గడి అడుగుతున్నాడు. పుట్టిన తేదీ, చేరిన తేదీ, చిరునామా చెప్పింది.

“ఈ ఫారంలో వివాహితా, వితంతువా అని అడుగుతున్నారు. ఏటి రాయమంటావు కృపమ్మా? వివాహితే కదా?”

ఆమె కిటికీవైపు చూసింది. బయట విద్యార్థులు నవ్వుకుంటూ గేటు దాటుతున్నారు.

“ఇలా ఇయ్యండి రావుగారూ,” అని ఫారం తనవైపు తిప్పుకుంది. వితంతువు అన్న గడిలో టిక్కు పెట్టింది. ఎర్ర సిరా పెన్నే చేతిలో ఉండిపోయింది, అందుకని టిక్కు ఎర్రగా పడింది.

రామచంద్రరావు కళ్ళజోడు తీశాడు. “అయ్యో, నాకు తెలీదమ్మా. ఎప్పుడు పోనాడు?”

“తేదీ రాయాలా?”

“రాయాల.”

“అయితే ఇవాల్టి తేదీ ఎయ్యండి.”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఏడుపు లేదు. అలసట మాత్రం రోజూ ఉండేంతే ఉంది. “కాగితం ఏదైనా జతచెయ్యాలి కదమ్మా...” అన్నాడు నెమ్మదిగా.

“కాగితం నేదు బాబూ.”

ఆయన ఫారం మళ్ళీ తనవైపు తిప్పుకున్నాడు. పెన్ను పక్కన పెట్టి, పెన్సిలు తీసుకుని, గడిలో ఇరవై ఎనిమిది ఫిబ్రవరి అని వేశాడు. పెన్సిలుదైనా ఆయన అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి.

కృపమ్మ తాళాలు ఆయన బల్ల మీద పెట్టింది. హాజరు పుస్తకంలో సంతకం చేసింది. వెళ్ళే సమయం గడిలో ఐదూ పది అని వేసింది. చేతిసంచీ భుజానికి తగిలించుకుని వరండా దాటింది. గేటు దగ్గర ఉమేష్, “దీదీ, సోమ్‌వార్‌కు రావాలి. శాలువా ఉంది,” అన్నాడు. చూద్దాంలే అంది. కోహ్కా వెళ్ళే షేర్ ఆటో ఆగింది. వెనక సీటులో ఇద్దరి మధ్య ఒదిగి కూర్చుంది. ఆటో మలుపు తిరిగింది.

ఆరింటికి ఉమేష్ ఆఫీసు కిటికీలు మూయడానికి వచ్చాడు. ఆమె కుర్చీ వీపుకి, పొద్దుటి చలికి వేసుకొచ్చి మధ్యాహ్నం విప్పి తగిలించిన ఊదారంగు స్వెట్టర్ వేలాడుతోంది. మోచేతుల దగ్గర ఉన్ని సాగిపోయి, చేతులు రెండూ కాస్త ముందుకు వంగి ఉన్నాయి.