నాలుగు గుడ్లు, పదకొండు కెమెరాలు

కాలుతున్న కంకర మీద ఒక నీటి చుక్క పడింది. ఆరిపోయింది.

ఇంకొకటి పడింది. అదీ ఆరిపోయింది.

తీతువు పిట్ట నడిచి వస్తోంది. పొట్ట ఈకలు ముద్దగా తడిసి ఉన్నాయి... నీళ్ళు కారుతున్నాయి. కంకర గుంటలో నాలుగు గుడ్లు. వాటి మీద ఆ తడి పొట్టతోనే కూర్చుంది. గుడ్లు చల్లబడ్డాయి.

కాసేపటికి లేచింది. మళ్ళీ నీళ్ళకు.

ఎండ ముదిరితే దాని పని ఇదే. నా పని పంపులు చూసుకోవడం. ఊరికి నీళ్ళు శుభ్రం చేసి పంపే ఈ ఆవరణలో, మూడో ట్యాంకు ముందు, ఇరవై నాలుగు రోజులుగా మేమిద్దరం డ్యూటీలో ఉన్నాం — అది నీళ్ళు మోస్తూ, నేను దాన్ని కాస్తూ.

కళ్ళల్లో వత్తులు వేసుకుని కాశాను. ఇసుక లారీని పక్కదారి పట్టించాను. గడ్డి కోసేవాళ్ళను వెనక్కి పంపాను. ఇంకో నాలుగు రోజులు ఆగితే పిల్లలు బయటికి వస్తాయి.

అంతా బాగానే ఉండేది... నేను నోరు మూసుకుని ఉంటే.

ఉండలేకపోయాను. ఒక్క ఫోటో కావాలనిపించింది. బావను పిలిచాను — మా అక్క మొగుడు, మోచేయంత లెన్స్ ఉన్నవాడు. పంపు గది కిటికీలోంచి తీయమన్నాను. చోటు ఎవరికీ చెప్పనని అక్క మీద ఒట్టు వేయించుకున్నాను.

చెప్పలేదు, పాపం. ఫోటో మాత్రం పిట్టలు చూసేవాళ్ళ గ్రూపులో పెట్టాడు.

ఫోటోలో పిట్ట. పిట్ట వెనక ట్యాంకు. ట్యాంకు మీద నిలువెత్తు అక్షరాలతో మా కేంద్రం పేరు, నంబరు.

ఈరోజు పన్నెండింటికి నేను డ్యూటీకి వచ్చేసరికి... పదకొండు కెమెరాలు.

"ఎవరు రానిచ్చారు వీళ్ళని?" వాచ్‌మన్ మీద విరుచుకుపడ్డాను.

"మేడంగారి చుట్టాలం అన్నారమ్మా." తల గోక్కున్నాడు. "ఒకరి తర్వాత ఒకరు అందరూ అదే అన్నారు."

పదకొండు మంది చుట్టాలు! నా పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు.

ఒకడు గుడ్లకు నాలుగడుగుల దూరంలో బోర్లా పడుకున్నాడు. ఒకావిడ గుడ్ల పక్కనున్న గడ్డి పరకలు పీకుతోంది — ఫోటోకు అడ్డమట. ఇంకొకడు చిన్న రాయి విసిరాడు, పిట్ట రెక్కలు విప్పాలని. గుడ్లకూ నీళ్ళకూ మధ్య దారంతా కెమెరా స్టాండ్లు.

పిట్ట గాలిలో తిరుగుతోంది. గొంతు చించుకుంటోంది.

గుడ్ల మీద ఎండ... ఎండ... ఎండ.

"వెనక్కి రండి! గుడ్లు ఉడికిపోతాయి!"

"ఒక్క నిమిషం మేడం."

అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండు మందికీ తలా ఒక్క నిమిషం — మరి ఆ గుడ్లకు? దూరం నుంచి తీయడానికే కదా అంతంత లెన్సులు కొన్నది! కొని, ఇంకా దగ్గరికి... ఇంకా దగ్గరికి. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఒక్కరూ కదల్లేదు.

వాళ్ళలో బావ కూడా ఉన్నాడు.

"నేను చోటు చెప్పలేదు, ఒట్టు!"

"చెప్పలేదు బావగారూ. ఫోటోలో రాసి చూపించారు."

ఫోన్ తీసి చూసుకున్నాడు. నాలుక కరుచుకున్నాడు.

"సరేలే, పొరపాటైంది. కానీ వచ్చినవాళ్ళని పొమ్మని ఎలా అంటాం? ఏం బాగుంటుంది చెప్పు?"

మర్యాదట! మనుషుల దగ్గర ఎక్కడలేని మర్యాద.

నేల కడిగే పైపు తీసుకున్నాను. మోటారు వేశాను. మనుషుల మీద చుక్క పడనివ్వలేదు — కెమెరాల వైపు తిప్పానంతే.

"మేడం! మేడం!"

బోర్లా పడుకున్నవాడు చటుక్కున లేచాడు. కెమెరాలను చొక్కాల్లో దాచుకుని అందరూ పరుగో పరుగు. అందరికంటే ముందు మా బావ.

గేటు వేయించాను. ఆవరణ ఖాళీ అయింది. హమ్మయ్య అనుకున్నాను.

పిట్ట దిగలేదు.

నా నెత్తి మీదే తిరుగుతోంది. అరుస్తోంది. ఇందాక వాళ్ళను తిట్టిన తిట్టే... నన్నూ తిడుతోంది.

"నేనే! నేనే కదా!" అన్నాను, పిచ్చిదానిలా.

నేనే. రోజూ రెండు పూటలా వచ్చి, ఇదిగో ఇక్కడే నిలబడి, గుడ్లు నాలుగూ ఉన్నాయా లేదా అని చూసుకున్నది నేనే. ప్రేమగానే చూసుకున్నాను. నేను రాగానే అది లేచిపోయేది. నీళ్ళకు వెళ్తోందనుకునేదాన్ని.

ఇరవై నాలుగు రోజులు అలాగే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

పైపు కింద పడేశాను. పంపు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కిటికీ కూడా మూసేశాను. గోడకు వీపు ఆనించి నిలబడ్డాను.

అరుపు వినిపిస్తోంది... ఇంకా వినిపిస్తోంది...

ఆగింది.

గుడ్ల మీద కూర్చుందా? విసిగిపోయి, వదిలేసి వెళ్ళిందా?

కొంచెం, వేలెడంత సందు తెరిచి చూస్తే చాలు. తెలిసిపోతుంది. నా చెయ్యి దానంతటదే కిటికీ గడియ మీదికి పోయింది.

ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, అలాగే నిలబడ్డాను.