నీ పేరున కూడా ఒక మునక

సెలవు రోజైనా లక్ష్మీకాంతం చేతులు ఊరుకోలేదు. రియా టిఫిన్ డబ్బా కడిగి తుడిచింది. చిట్టి చిట్టి సాక్సులు జతలు కలిపింది. డిష్‌వాషర్‌లో గ్లాసులు తీసి అలమరలో సర్దింది. ఆదివారం పొద్దున్నే ఇవన్నీ చెయ్యమని ఎవరూ అడగలేదు. అడక్కుండా పని చేసిపెట్టడంలో ఆమె పెట్టింది పేరు.

ఐసెలిన్ అనే ఊళ్ళో ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్ళు దాటింది. స్పందనకు కాన్పయిన వారానికే పసిదాన్ని చూసుకోవడానికి వచ్చింది. ఆ పసిదే రియా. ఇప్పుడు బడికి పోయే ఈడుకొచ్చింది. పిల్ల బడికి పోతే, పిల్లను చూసే మనిషితో పనేముంది? రేపు తెల్లవారుజామునే క్యారీ అనే ఊరికి ప్రయాణం. అక్కడ హర్షవర్ధన్ అనే అబ్బాయి ఇంట్లో నెల తిరగని బిడ్డ ఉంది. అతనే కారు తెచ్చి తీసుకెళ్తాడు. క్యారీ నుంచి సముద్రం చాలా దూరమని స్పందన మాటవరసకు అంది. అది విన్నప్పటి నుంచి లక్ష్మీకాంతం మనసు మనసులో లేదు.

ఎందుకంటే, అరవై దాటినా ఆమె ఒక్కసారి కూడా సముద్రంలో మునగలేదు.

సముద్రం చూడక కాదు. ఆమెది బందరు దగ్గర పల్లె. కార్తీక పౌర్ణమికి ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి మంగినపూడి తీరానికి తరలేది. ఇంట్లో పెద్దపిల్ల కదా, బుద్ధిమంతురాలు కదా అని బట్టల మూటల దగ్గర ఆమెను కూర్చోబెట్టేవారు. అందరూ వచ్చాక తను వెళ్దామనుకునేది. అందరూ వచ్చేసరికి ఎండ ముదిరేది, ట్రాక్టరు హారన్ మోగేది. తల్లి తడి జుట్టు పిండుకుంటూ, "నీ పేరున కూడా ఒక మునక వేశాలేవే!" అనేది. పుణ్యం దక్కిందేమో గానీ, ఒళ్ళు మాత్రం తడవలేదు. పెళ్ళయ్యాక పుష్కరాలొచ్చాయి. మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటూ ఆమె ఇంట్లో ఉండిపోతే, భర్త వీరభద్రరావు గోదావరికి వెళ్ళొచ్చి అదే మాట అన్నాడు. అలా ఆమె పేరున పడ్డ మునకలన్నీ కలిపితే ఒక చేప జీవితానికి సరిపోతాయి.

భర్త పోయాడు. పిల్లల్లేరు. తమ్ముడు ఎప్పుడో వేసిన ఫైలు కదిలి గ్రీన్‌కార్డు వచ్చింది. ఈ దేశం వచ్చాక తమ్ముడి ఇంట్లో కొన్నాళ్ళుంది. మరదలి ముఖం చూసి, మాట పడకముందే పసిపిల్లల పనిలోకి దిగింది. ఇళ్ళు మారాయి, ఉయ్యాలలు మారాయి. ఎక్కడికెళ్ళినా ఆమె ఆంటీయే. స్పందన ఫోన్లో కూడా ‘నానీ ఆంటీ’, అంటే ఆయా ఆంటీ, అనే ఉంది.

మొన్న జూన్‌లో స్పందన వాళ్ళు పాయింట్ ప్లెజెంట్ బీచ్‌కి తీసుకెళ్ళారు. అక్కడా మూటల కాపలాయే. రియా పరుగున వచ్చి చెయ్యి పట్టి లాగింది.

"కమ్, ఆంటీ! వాటర్ బాగుంది."

"నేనొస్తే బ్యాగులెవరు చూస్తారమ్మా?"

అందుకే ఈ ఆదివారం ఒంటరిగా సముద్రానికి బయల్దేరుతూ ఆమె ముందే జాగ్రత్తపడింది. బ్యాగు తీసుకోలేదు. మార్చుకునే బట్టలు కూడా తీసుకోలేదు, ఒంటి మీదే ఆరతాయిలే అనుకుంది. ఫోను ఇంట్లో వదిలేసి, రైలు టికెట్టూ నాలుగు నోట్లూ జిప్ కవర్లో పెట్టి మెడలో వేలాడదీసుకుంది. కాపలా కాయడానికి ఏమీ లేకపోతే కూర్చోబెట్టేదెవరు? తలుపు దగ్గర మాత్రం రియా నిద్ర కళ్ళతో ఎదురొచ్చి తన గులాబీ రంగు ప్లాస్టిక్ బకెట్ చేతికిచ్చింది. "షెల్స్ తీస్కొని రా ఆంటీ. బిగ్ వన్స్."

రెండుచోట్ల రైలు మారి, మారిన ప్రతిచోటా ఇద్దరు ముగ్గురిని అడిగి, ఎండెక్కే వేళకు పాయింట్ ప్లెజెంట్ చేరింది. తీరం వెంట చెక్కల దారి మీద ఇసకేస్తే రాలనంత జనం. వేయించిన బంగాళదుంపల వాసన, పిల్లల ఏడుపులు, పాటలు, మనుషుల చేతుల్లోంచే తిండి ఎత్తుకుపోయే తెల్లటి పక్షులు. బీచ్‌లోకి వెళ్ళడానికి టికెట్ కొంటే చేతికి కాగితపు పట్టీ కట్టారు. గాజుల పక్కన దాన్ని చూసుకుని ఆమె ముచ్చటపడింది. నీటికి కాస్త ఎడంగా చెప్పులు విడిచి, బకెట్ పక్కన పెట్టి, అలసట తీరేదాకా కూర్చుంది.

ఆ కూర్చోవడమే తప్పయింది.

"ఆంటీ, తెలుగువాళ్ళేనా?" గొడుగూ కూలరూ నాలుగు సంచులూ మోసుకుంటూ ఒక జంట ఆగింది. శ్రీధర్, కావ్యశ్రీ. వాళ్ళ వెనక ఆరవ్ అని ఆరేళ్ళ కొడుకు. "అమ్మయ్య, మనవాళ్ళే. కాస్త మా సామాను చూస్తుంటారా? టెన్ మినిట్స్, వీడు ఆగట్లేదు."

"వెళ్ళిరండమ్మా," అంది లక్ష్మీకాంతం. ఆ మాట ఆమె అనలేదు. నోటికి అలవాటై అదే వచ్చింది.

వాళ్ళు ఆమె పక్కనే గొడుగు పాతి, సామాను దించి వెళ్ళారు. పది నిమిషాలు గంటయింది. ఈలోగా ఎంఎస్ చదివే కుర్రాళ్ళు నలుగురు వచ్చారు. గొడుగు కింద తెలుగు ముఖం కనబడగానే వాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్లూ పర్సులూ ఒక బ్యాగులో కుక్కి, వాళ్ళల్లో అఖిల్ అనేవాడు దాన్ని ఆమె ఒడి దగ్గర పెట్టాడు. "ఆంటీ, జర చూస్తరా? గిట్ల పోయి గట్ల వస్తం."

మధ్యాహ్నానికి ఆమె చుట్టూ సంతలా తయారైంది. బూట్లు, తువ్వాళ్ళు, చిప్స్ పొట్లాలు. పక్షి ఒకటి వచ్చి పొట్లం పీకితే, పక్కనున్న గులాబీ బకెట్‌తో అదిలించింది. కావ్యశ్రీ వాళ్ళు వచ్చి, తిని, ఆమెకూ ఇంత పులిహోర పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళారు. కుర్రాళ్ళు వచ్చి నీళ్ళు తాగి మళ్ళీ ఉరికారు. పాపం, ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు. ఆమె కూడా నీళ్ళలోకి దిగడానికే వచ్చిందని ఎవరికీ తోచలేదంతే. అలలు వచ్చి నురగ వదిలి వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చుంది. లేద్దామంటే పరాయివాళ్ళ వస్తువులు. వదిలి పోవడానికి మనసు ఒప్పుకోలేదు. ఇక్కడ కూడానా అనుకుంది, తన మీద తనకే కోపం వచ్చింది.

ఎండ వాలింది. శ్రీధర్ పరుగున వచ్చి తువ్వాలు తీసుకుంటూ ఎత్తు కుర్చీ మీద కూర్చున్న ఎర్ర నిక్కరు అబ్బాయిని చూపించాడు. "ఇంకాసేపట్లో ఆ గార్డులు దిగిపోతారాంటీ. వాళ్ళు విజిల్ వేస్తే ఇంకెవ్వర్నీ నీళ్ళలో ఉండనివ్వరు. లాస్ట్ రౌండ్ వేసొస్తాం." అని పోయాడు.

కుర్రాళ్ళు వచ్చి థాంక్స్ ఆంటీ, థాంక్స్ ఆంటీ అంటూ తమ బ్యాగు తీసుకుపోయారు. చివరికి కావ్యశ్రీ వచ్చింది. కొడుకుతో ఇంకా నీళ్ళ అంచునే ఉన్న శ్రీధర్‌ని రమ్మని కేకేసి, తడి జుట్టు పక్కకు లాక్కుని పిండుకుంటూ నవ్వింది.

"మీరు లేకపోతే మా పని అయ్యేది కాదు ఆంటీ. మీ పేరు చెప్పి కూడా ఒక డిప్ వేశాం లెండి!"

లక్ష్మీకాంతం ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆ జుట్టు పిండుకోవడం, ఆ నవ్వు, ఆ మాట. యాభై ఏళ్ళ కిందటి ట్రాక్టరు హారన్ చెవిలో మోగినట్టయింది.

"నా పేరేంటో నీకు తెలుసా అమ్మా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. కావ్యశ్రీ చేతులు జుట్టు మీదే ఆగిపోయాయి. పొద్దుటి నుంచీ సామాను అప్పగించిన మనిషి పేరు అడగలేదని అప్పుడే గుర్తొచ్చి, ఆమె ముఖం చిన్నబోయింది.

"సారీ ఆంటీ..."

"ఏం ఫరవాలేదు. ఇదిగో, నా చెప్పులు కాస్త చూస్తుండు. వస్తాను."

పుట్టి బుద్ధెరిగాక తన వస్తువు ఇంకొకరిని చూడమనడం ఆమెకు అదే మొదలు. చున్నీ నడుముకు బిగించి, మోకాళ్ళ నొప్పి మరిచి నడిచింది. నీళ్ళు చల్లగా పాదాలకు తగిలాయి. కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే భయమేసింది, నవ్వొచ్చింది. నడుము లోతుకు వచ్చి, ముక్కు మూసుకుని, తల్లి పేరు చెప్పుకుని ఒక మునక వేసింది. భర్త పేరున ఇంకొకటి. మూడోదానికి రియా పేరు నాలుక మీదికి వచ్చింది. ఆపుకుంది. ఆ పిల్ల మునక ఆ పిల్లే వేసుకోవాలి.

అప్పుడే విజిల్ మోగింది. అందరూ గట్టు వైపు కదిలారు. ఎత్తు కుర్చీ అబ్బాయి ఆమె వైపే చెయ్యి ఊపుతూ ఏదో అరిచాడు. బతుకంతా ఎవరు పిలిస్తే వాళ్ళ వెనక లేచి వచ్చిన మనిషి ఈసారి కదల్లేదు.

"లక్ష్మీకాంతం!" అని గట్టిగా తన పేరు తనే పిలుచుకుని మునిగింది. పెద్ద అల ఒకటి నెత్తి మీదుగా పోయింది. ఉప్పు కళ్ళలో మండింది, నోట్లో దిగింది. పైకి లేచేసరికి ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు.

గట్టు మీద కావ్యశ్రీ చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని నిలబడే ఉంది. సంచుల వైపు చూడనైనా లేదు.

"ఇప్పుడైనా మీ పేరు చెప్పండాంటీ."

"సముద్రానికి చెప్పే వచ్చాను," అని నవ్వి, తర్వాత ఆమెకూ చెప్పింది.

తనూ కావ్యశ్రీ, ఆరవ్ ముగ్గురూ కలిసి ఇసుకలో వెతికి బకెట్ నిండా గవ్వలేరారు. పెద్దవి చూపించింది ఆరవే.

మర్నాడు ఇంకా చీకటుండగానే హర్షవర్ధన్ కారు వచ్చింది. స్పందన కళ్ళొత్తుకుంటూ పెట్టె సర్దించింది. లక్ష్మీకాంతం రియా మంచం దగ్గర వంగి, నిద్రపోతున్న పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. "నీ పేరున మునక వెయ్యలేదే. నువ్వే వెయ్యాలి," అని చెవిలో చెప్పింది. పిల్ల పక్కకు ఒత్తిగిల్లింది.

కారు వెళ్ళిపోయింది. రియా మంచం పక్కన గులాబీ రంగు బకెట్‌లో గవ్వల మీద, లక్ష్మీకాంతం చేతికి కట్టిన, ఉప్పునీటికి నాని మెత్తబడ్డ కాగితపు పట్టీ ఉంది, అది ఇంకా ఆరలేదు.