నల్లమట్టి కింద గ్లాసు

ఇరవై నాలుగు, ఇరవై అయిదు. దిమ్మిస దభీమని పడి ఆగింది. ఇనుప డబ్బాలో నల్లమట్టి మొదటి పొర కిక్కురుమనకుండా అణిగిపోయింది. చుక్కలాయన మోచేత్తో చెమట తుడుచుకుని రెండో పొరకి మట్టి పోశాడు. మూడు పొరలు, పొరకి ఇరవై అయిదు దెబ్బలు. ఒక్క దెబ్బ తగ్గినా మట్టి అబద్ధం చెబుతుందని ఆయన నమ్మకం. ఈగ ఎదురొచ్చినా పక్కకి తొలిగే మనిషి, దిమ్మిస చేతికొస్తే మాత్రం పాత పగ తీర్చుకుంటున్నట్టు కొడతాడు.

మట్టి పరీక్షల గదిలో ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని ఒక్కటే, ఏ మట్టిలోంచి నీళ్ళు ఎంత సులువుగా దిగుతాయో చూడటం. బల్ల మీద మూడు డబ్బాలు. ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో గరుకు ఎర్రమట్టి, మూడోదాంట్లో నల్లమట్టి. ప్రతి డబ్బా మూత మీదా నిలువుగా గాజు గొట్టం, దాన్నిండా నీళ్ళు. అడుగున చిన్న రంధ్రం, దాని కింద గ్లాసు. ఇసుకలోంచి నీళ్ళు బడి వదిలిన పిల్లల్లా ఒక్క ఉరుకున వచ్చేస్తాయి. ఎర్రమట్టి కాసేపు బెట్టు చేసి టపటపా రాలుస్తుంది. నల్లమట్టి మాత్రం అలిగి పడుకున్న మేనత్తలా ఎంత బతిమాలినా పలకదు. దాని ముందు కుర్చీ వేసుకుని చుక్క కోసం కాచుకుని కూర్చుంటాడు కనకే ఆయనకా పేరు.

మూడో డబ్బా కింద ఉన్నది ఇంటినుంచి తెచ్చిన స్టీలు గ్లాసు. ఆఫీసు గ్లాసు పగిలి వారమైంది. పొద్దున దాని మీదే ఇంట్లో భార్యతో యుద్ధం.

"ఆరు గ్లాసుల సెట్టండీ. కాపురానికొచ్చి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే ఒకటి మట్టిపాలు చేస్తారా?"

"చుక్క దిగాక తెచ్చేస్తాగా."

"ఎప్పుడు దిగుతుందట?"

"అది నా చేతుల్లో లేదే."

"మీ చేతుల్లో ఏముంది గనక!" అని ఆవిడ ఆయన చెయ్యి లాక్కుని, గోళ్ళ సందుల్లోని నల్లమట్టిని పిన్నుతో తీస్తూ కూర్చుంది. నలభై ఎనిమిదో ఏట పెళ్ళైన మనిషి. ఆ పిన్ను గుచ్చుకున్నా పెదవి మీంచి నవ్వు పోలేదు. బస్సులో ఒకడు సీటు కోసం మోచేత్తో డొక్కలో పొడిస్తే, ఆ నవ్వుతోనే లేచి నిలబడ్డాడు.

పదకొండేళ్ళ కిందట ఒక్కసారి ఆయన ఆగలేదు. ఆఫీసు మూసే వేళకి రంధ్రం దగ్గర చెమ్మ కనిపిస్తే చాలనుకుని, 'నీళ్ళు దిగుతాయి' అని రాసేశాడు. వానొచ్చింది. కొండచరియకి అడ్డుగా కట్టిన గోడ వెనక పోసిన ఆ మట్టి నీళ్ళని పట్టుకుని వదల్లేదు. ఆ బరువుకి గోడ విరుచుకుపడింది. దాని కింద గుడిసెలో పడుకున్న ఇద్దరు మళ్ళీ లేవలేదు. అప్పటినుంచీ, చుక్క తనంతట తాను గ్లాసులో పడితే తప్ప ఆ మాట రాయడు. ఇప్పుడు కొండవాలున లేస్తున్న గోడ కింద ముప్ఫై ఇళ్ళున్నాయి. దాని వెనక పోయడానికి కాంట్రాక్టరు తెప్పించింది ఈ నల్లమట్టే.

మధ్యాహ్నం మూడింటికి తలుపు గోడకి కొట్టుకుంది. కాంట్రాక్టరు బావమరిది. వెనక ఇద్దరు మనుషులు, ఒకడి చేతిలో ఇనుప చువ్వ.

"ఏం చుక్కలాయనా, దిగిందా?"

"ఇంకా లేదు బాబూ."

"పద్నాలుగు లారీలు మట్టితో నిలబడ్డాయి. దిగుతాయని రాసెయ్, పోతాం."

"నేను రాస్తే దిగవు కదా బాబూ. దిగితే రాస్తాను."

"పట్టపగలు చుక్కలు చూపించమంటావా?"

"పొద్దుట్నుంచీ దానికోసమే చూస్తున్నా. ఒక్కటీ పడటంలేదు."

పక్క బల్ల దగ్గర టైపిస్టమ్మ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకముందే చుక్కలాయన చెంప పేలింది. కళ్ళజోడు ఎగిరి గోడకి తగిలింది. ఇసుక మీది గొట్టం ఒక దెబ్బకి, ఎర్రమట్టి మీది గొట్టం ఇంకో దెబ్బకి భళ్ళుమన్నాయి. చువ్వ ఉన్నవాడు నల్లమట్టి డబ్బా మూత ఊడబెరికి, చువ్వని అడుగుదాకా కసుక్కున దించి, మళ్ళీ మూత పెట్టి నీళ్ళు పోశాడు. నీళ్ళు బొళబొళా గ్లాసులోకి దూకాయి.

"దిగాయిగా! రాయి!"

చుక్కలాయనకి నిజంగానే నవ్వొచ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఇలాంటి పరీక్ష ఆయన చూడలేదు. "అవి మట్టి వదిలిన నీళ్ళు కావు బాబూ, నువ్వు పొడిస్తే కారినవి. మనిషిని పొడిచినా కారుతుంది."

చువ్వ ఆయన చెవి వెనక దిగింది. పడ్డాక కడుపులో రెండు తన్నులు. టైపిస్టమ్మ కేకలకి వరండాలో జనం పోగయ్యేసరికి బావమరిది గుమ్మం దాటుతూ వేలు చూపించాడు. "అయిదింటికొస్తా. సంతకం లేకపోతే రెండో చెవి కూడా ఉండదు."

"ఆస్పత్రికి పదన్నయ్యా!" అంది టైపిస్టమ్మ.

"ముందు ఇది సర్దనీ అమ్మా. పొడిచిన మట్టి సాక్ష్యానికి పనికిరాదు."

జేబురుమాలు తలకి కట్టుకున్నాడు. డబ్బా ఖాళీ చేసి, గ్లాసు తుడిచి, కొత్తగా మట్టి పోశాడు. వంగినప్పుడు నెత్తురు బొట్టు దాన్లో పడింది. ఆ తడిసిన ముద్దని జాగ్రత్తగా గిల్లి అవతల పారేశాడు, లెక్కలోకి రాని తడి కదా. దిమ్మిస ఎత్తాడు. పంతొమ్మిది, ఇరవై... పంతొమ్మిది. ఆగిపోయాడు. జన్మలో మొదటిసారి ఆయనకి లెక్క తప్పింది. మట్టి మళ్ళీ ఖాళీ చేశాడు. టైపిస్టమ్మ ముక్కు ఎగబీలుస్తూ తనే గట్టిగా లెక్కపెట్టింది. డెబ్బై అయిదు దెబ్బలూ పడ్డాయి, ఒక్కటీ తగ్గలేదు.

మూత బిగించి నీళ్ళు నింపి కుర్చీలో కూర్చున్నాడు. "ఇప్పుడు ఆటో పిలువమ్మా," అన్నాడు. అప్పటికే నాలుగున్నర. ఆవిడ ఆయన భార్యకీ, ఆఫీసు పెద్ద ఇంజినీరమ్మకీ ఫోన్ చేసి, ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది.

ముందు భార్యే వచ్చింది.

"ఏవండీ, నిద్రా? తలకి ఆ గుడ్డేమిటి? లేవండి!" అని చెయ్యి పట్టుకుంది. గోళ్ళ నిండా మళ్ళీ మట్టి. చల్లబడ్డ ఆ చెయ్యి ఆవిడ చేతిని పట్టుకోలేదు. ఒళ్ళో తెరిచి ఉన్న రిజిస్టర్లో అక్షరాలు వంకర లేకుండా ఉన్నాయి. 'నల్లమట్టి. సాయంత్రం అయిదింటికి. చుక్క లేదు.' కింద సంతకం.

సంతకం కోసం వచ్చిన బావమరిదిని, ఇంజినీరమ్మ పిలిపించిన పోలీసులు గేటు దగ్గరే పట్టుకున్నారు. ఇంజినీరమ్మ గదికి తాళం వేయించి, మర్నాడు పొద్దున తనే తీసింది. గ్లాసులో వేలు పెట్టి తిప్పి చూసింది. పొడి. ఆ మట్టి పనికిరాదని రాసి, పద్నాలుగు లారీలనీ వెనక్కి పంపింది.

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. "గ్లాసు మీదేనటమ్మా, తీసుకెళ్తారా?" అంది ఇంజినీరమ్మ.

"ఉండనివ్వండి. చుక్క దిగాకే తెస్తానన్నారు."

వంటింటి గూట్లో అయిదు గ్లాసులు. ఆరోది నల్లమట్టి కింద, నోరు తెరుచుకుని, అడుగు తళతళలాడుతూ, పొడిగా.